ఉపమేయ సంరక్షణ

మా రావిగుంట పురపాలక సంఘంలో జనం ఇచ్చే అర్జీల మీద పని ఎందుకు జరగదో ఇన్నేళ్లూ ఎవరికీ అంతుపట్టలేదు. కొందరు సిబ్బంది కొరత అన్నారు. కొందరు నిధుల కొరత అన్నారు. గిట్టనివాళ్లు సిగ్గు కొరత అని కూడా అన్నారు. అసలు కొరత అలంకారాలదని కనిపెట్టిన ఘనత మాత్రం మా కమిషనర్ పరాంకుశరావు గారిదే.

ఆయన రాజధానిలో ఏదో శిక్షణకు వెళ్లొచ్చారు. అక్కడ ఒక వక్త, భోజనాల వేళకు కాస్త ముందు, అలంకారం లేని రాత చదివేవాణ్ని కదిలించదని ఒక మాట అన్నాడట. మిగతావాళ్లు ఆ మాట విని భోజనానికి వెళ్లిపోయారు. మా కమిషనర్ గారు మాత్రం కూర్చున్న చోటే ఆలోచనలో పడ్డారు. తిరిగొచ్చిన మర్నాడే సిబ్బందినంతా సమావేశపరిచారు.

"మనం కదలడం లేదని ప్రజల అభియోగం," అన్నారు. "ఎందుకు కదలడం లేదు? వారి అర్జీలు మనల్ని కదిలించడం లేదు గనక! 'కుళాయి రావడం లేదు, తగు చర్య తీసుకోగలరు.' ఒక ఉపమ లేదు, ఒక రూపకం లేదు. ఇది చదివి ఏ అధికారి కదులుతాడయ్యా? కాబట్టి లోపం యంత్రాంగంలో లేదు. సాహిత్యంలో ఉంది."

అందరం చప్పట్లు కొట్టాం. నేను మరి కాస్త గట్టిగా కొట్టాను. సీనియర్ అసిస్టెంటుగా జుట్టు నెరిసినవాణ్ని, మా తప్పేమీ లేదని ఇంత శాస్త్రీయంగా నిరూపించిన అధికారి నాకు అంతకుముందు తగల్లేదు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. "ఇకపై పురపాలక సంఘమునకు సమర్పించు ప్రతి అర్జీయందును కనీసము ఒక అలంకారము ఉండవలెను. నిరలంకారములగు అర్జీలు పరిశీలనకు అనర్హములు." గుమ్మం దగ్గర ఇంత బోర్డు పెట్టించాం. మురుగు కాలువలకు అనుప్రాస చాలు. రోడ్లకూ దీపాలకూ ఉత్ప్రేక్ష. నీళ్ల వ్యవహారాలకు ఉపమ, అదీ నాలుగు అంగాలూ ఉన్న పూర్ణోపమ. ఇంటిపన్ను తగ్గించమనేవాళ్లకు అతిశయోక్తి పెట్టాం, వాళ్లకది అలవాటే కనక ఇబ్బంది పడరని.

వచ్చిన అలంకారం అసలుదో నకిలీదో తేల్చడానికి మునిసిపల్ హైస్కూలు తెలుగు పండితులు మస్తాన్‌వలీ మాస్టారిని పిలిపించారు. నెమ్మదైన మనిషి. ఆయనకు ఈ పథకం వినగానే ముఖం పాలిపోయింది.

"సార్, అలంకారమంటే నగ. ముందు దానికో ఒళ్లుండాలి. జొరమొచ్చిన మనిషిని ఆస్పత్రికి వడ్డాణం పెట్టుకుని రమ్మంటామా?"

"చూశారా! ఎంత చక్కని దృష్టాంతం!" అని మురిసిపోయి కమిషనర్ గారు ఆయన్ని అలంకార పరిశీలనాధికారిగా నియమిస్తూ అక్కడికక్కడే సంతకం పెట్టేశారు. మాస్టారు ఇంకేదో చెప్పబోయారు. అప్పటికే కాఫీలు వచ్చాయి.

మొదటి వారంలోనే వచ్చింది యలమందమ్మ. తొమ్మిదో వార్డులో అంగన్‌వాడీ టీచరు. పిల్లల్ని అదిలించి అదిలించి రాటుదేలిన గొంతు. నేను తిప్పి పంపిన అర్జీని నా టేబుల్ మీద పరిచింది.

"ఏందండీ ఇది? ట్యాంకు పగిలిందని రాస్తే తిప్పి పంపారు?"

"అలంకారం లేదమ్మా."

"ట్యాంకుకా?"

"అర్జీకి."

ఆమె రాసింది నాకు గుర్తుంది. 'తొమ్మిదో వార్డు నీళ్ల ట్యాంకు తూర్పు స్తంభం పగిలింది. లోపలి చువ్వలు బయటికొచ్చాయి. పెచ్చులూడి మా సెంటర్ ముందు పిల్లలు అన్నం తినే చోట పడుతున్నాయి. ట్యాంకు పిల్లల మీద పడకముందే తీయించగలరు.' అంతే. ఎక్కడా ఒక పోలిక లేదు, ఒక ఊహ లేదు. మనిషికి బొత్తిగా రసదృష్టి లేదనుకుని ఎర్ర సిరాతో 'నిరలంకారం' అని ముద్ర కొట్టాను.

ఆమె చేతిసంచీలోంచి పిడికెడంత కాంక్రీటు పెచ్చు తీసి నా ముందు ఠపీమని పెట్టింది. "నిన్న చిన్నపిల్ల కంచంలో పడిందిది. చెయ్యి తీసింది కాబట్టి సరిపోయింది. దీనికి ఏం అలంకారం పెట్టమంటారో చెప్పండి."

"ఇది జతపరచిన ఆధారం కిందికి వస్తుందమ్మా. అలంకారం కిందికి రాదు," అన్నాను. పెచ్చును మాత్రం ఉంచుకున్నాను. ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోతున్నాయి, పైన పెట్టడానికి బరువైంది ఏమీ లేదు.

ఈలోగా ఊరు సాహిత్యమయమైపోయింది. ఆఫీసు ఎదుట అర్జీలు రాసిపెట్టే వాళ్లు మూడు గొడుగుల నుంచి ఒక బజారుగా ఎదిగారు. మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూట్ తలుపు మీద 'పది రోజుల్లో పూర్ణోపమ' అని రంగులేశారు. తొమ్మిదో వార్డులోనే ఒక సందువాళ్లు 'మురుగు మా ముంగిట మూడు మూరలు' అని మకారం తిప్పి కాలువ తవ్వించుకున్నారు. కాలువ తవ్వి ఎటూ కలపలేదనుకోండి, కలపమని వాళ్లు అర్జీలో అడగలేదు. రైసుమిల్లు వెంకటప్పయ్య వీధిలో దీపాలు ముందు నుంచీ ఉన్నాయి. అయినా ఆయన కూతురి చేత 'మా వీధిని చూసి అమావాస్య తన పుట్టిల్లనుకుని దిగిపోయిందో యేమో!' అని రాయించారు. కమిషనర్ గారు పొంగిపోయి ఉన్న స్తంభాల మధ్య మళ్లీ స్తంభాలు వేయించారు. ఇప్పుడు ఆ వీధిలో రాత్రిళ్లు కుక్కలకు నిద్ర లేదు. పదకొండో వార్డు గుడిసెలవాళ్లు మాత్రం 'మాకు లైట్లు లేవు' అని వచ్చినప్పుడల్లా అదే రాసేవాళ్లు. నిజంగా చీకట్లో ఉన్నవాడికి చీకటిని వర్ణించే తీరిక ఉండదని నాకు అప్పుడే తోచింది. ఉద్యోగం చేసుకునేవాణ్ని, పైకి అనలేదు.

యలమందమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి 'మా ట్యాంకు తాగుబోతు' అని రాసుకొచ్చింది. నేను బోర్డు చూసి, మాస్టారి పుస్తకం చూసి, పెదవి విరిచాను.

"ఇది రూపకమమ్మా. ట్యాంకే తాగుబోతు అనేశారు. నీళ్లకు ఉపమ కావాలి. తాగుబోతులా ఉంది అనాలి. ఆ 'లా' చాలా ముఖ్యం."

"ఆ 'లా' లేకపోతే ట్యాంకు పడదా?"

"పడుతుంది. నమోదు కాదు."

ఆమె నా వంక చూసిన చూపు ఇంకా వీపు మీద ఉంది. పక్క బల్ల దగ్గరి నుంచి మస్తాన్‌వలీ మాస్టారు లేచొచ్చి ఆమెను వరండాలోకి తీసుకెళ్లారు. కిటికీలోంచి మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"కోప్పడమాకమ్మా. ఆ ట్యాంకును చూస్తే నీకు ఏం గుర్తొచ్చిద్దో చెప్పు. పుస్తకాల మాట వద్దు."

"మా ఆయన గుర్తొస్తాడండీ," అంది. "తాగొచ్చిన రోజు గుమ్మం పట్టుకుని ఇట్టాగే నిలబడతాడు. పడతాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకే తెలవదు."

"అదే రాయి," అన్నారు మాస్టారు.

ఆమె రాసింది. 'తప్పతాగి గుమ్మం పట్టుకుని, నేను పడనంటూనే పడబోయే మగాడిలాగా మా ట్యాంకు ఒరిగి ఉంది.' ఉపమేయం ట్యాంకు. ఉపమానం మగాడు. సమానధర్మం ఒరగడం. ఉపమావాచకం 'లాగా'. నాలుగు అంగాలూ నిక్షేపంగా ఉన్నాయి. ఫైలు లోపలికి వెళ్లింది. లోపలి నుంచి బెల్లు మోగింది. వెళ్లి చూస్తే కమిషనర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

"ఏమి ఉపమ! ఏమి జీవితానుభవం! ఇన్నాళ్ల సర్వీసులో ఒక నీళ్ల ట్యాంకు నన్నింతగా కలచివేయడం ఇదే ప్రథమం." వెంటనే ఆ అర్జీని రాష్ట్ర స్థాయి ఉత్తమ అర్జీ ఎంపిక సంఘానికి పంపించారు. వాళ్లూ కదిలిపోయారు. ప్రథమ బహుమతి ప్రకటించారు. ఎంపిక సంఘం అధ్యక్షులే స్వయంగా రావిగుంట వచ్చి ఉపమేయాన్ని కళ్లారా చూసి, అక్కడే జ్ఞాపిక ఇస్తామన్నారు.

"మరి ట్యాంకు ఎప్పుడు తీస్తారు?" అని అడిగింది యలమందమ్మ.

అదే ప్రశ్న మా ఏఈ బాలకోటయ్య కూడా అడిగాడు. ఇంజనీరు కనక అతనిది ముతక బుర్ర. "సార్, ముందు నీళ్లు కిందికి దించేద్దాం. రెండు రోజుల్లో పడగొట్టేద్దాం. ఆ చువ్వలు ఎక్కువ కాలం ఆగవు."

కమిషనర్ గారు అతని వంక జాలిగా చూశారు. "బాలకోటయ్య గారూ, ఉపమేయం లేకుండా ఉపమ ఉంటుందా? ట్యాంకు పడగొడితే ఆ వాక్యం దేన్ని గురించి? నిలబెట్టి సరిచేసినా ముప్పే. ఒరిగి లేని ట్యాంకును ఒరిగింది అంటే అది తప్పుడు ప్రకటన అవుతుంది. బహుమతి పొందిన అర్జీ తప్పుడు ప్రకటన కావడం సంస్థ గౌరవానికి భంగం. కాబట్టి ప్రస్తుతపు ఒరుగుడును యథాతథంగా పరిరక్షించాలి. ఎక్కువ కానివ్వద్దు, తక్కువ కానివ్వద్దు."

"ఎట్టా సార్?" అన్నాడు బాలకోటయ్య.

"అది సాంకేతిక విషయము. మీరు చూసుకొనవలెను."

ట్యాంకు చుట్టూ తాడు కట్టి, 'ఇది ఉపమేయ సంరక్షణ ప్రాంతము, తాకరాదు' అని పలక పెట్టాం. పగిలిన స్తంభానికి సున్నం వేయించాం. యలమందమ్మ ఇక అర్జీలు మానేసి నేరుగా కమిషనర్ గారి గదిలోకే వచ్చేసింది.

"ట్యాంకును మీరు పూజే చేసుకోండి. నా పిల్లల్ని పక్కకు తీసుకుపోతా. షాదీఖానా వరండా ఇస్తామన్నారు."

"పిల్లలా? పిల్లలు లేకపోతే కరుణరసం ఎక్కడి నుంచి వస్తుందమ్మా?" అన్నారు కమిషనర్ గారు నిజమైన బాధతో. "కింద పసిపాపలు, పైన ఒరిగిన ట్యాంకు. ఆ సన్నివేశమే కదా ఎంపిక సంఘాన్ని ఏడిపించింది!"

ఆ మాటకు యలమందమ్మ ఆగలేదు. మర్నాడు పొద్దున్నే పిల్లల్ని, గిన్నెల్ని, గోడ మీది అ ఆ పటాన్ని తీసుకుని షాదీఖానాకు వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆమెకు మెమో వెళ్లింది. 'అనుమతి లేకుండా ఉపమేయ పరిసరముల నుండి శిశువులను తరలించినందున మిమ్ము విధుల నుండి ఏల తొలగింపరాదో తెలుపవలెను.' టైపు చేసింది నేనే. అక్షరం తప్పు లేదు.

సభ రోజున ట్యాంకు కింద షామియానా వేశాం. అతిథులు తలెత్తితే ఉపమేయం కనపడాలని మధ్యలో గుడ్డ కత్తిరించాం. ఖాళీ ట్యాంకు ఒరిగితే అందులో గాంభీర్యం ఉండదని పొద్దుటి నుంచీ మోటారు వేసి అంచుల దాకా నింపించారు కమిషనర్ గారు. పిల్లల్ని టీచరు తీసుకురాదని తెలిసి, మునిసిపల్ వ్యాను పంపి, బిస్కెట్లు ఇస్తామని చెప్పి ఇళ్ల దగ్గరి నుంచే ఎక్కించుకొచ్చారు. ముందు వరసలో చాప మీద కూర్చోబెట్టారు. వెనకాల వాళ్ల అమ్మలు కూర్చున్నారు.

అధ్యక్షుల వారు మెడలో దండ వేయించుకుని తలెత్తి చూశారు. "అద్భుతం," అన్నారు. "నిజంగానే పడేలా ఉంది." సభ చప్పట్లు కొట్టింది.

అప్పుడు యలమందమ్మ పరుగున వచ్చింది. చెప్పులు కూడా లేవు కాళ్లకి. జ్ఞాపిక అందుకోవడానికే వచ్చిందనుకుని కమిషనర్ గారు లేచి నవ్వుతూ మైకు చేతికిచ్చారు. ఆమె స్తంభం వంక ఒకసారి చూసింది.

"కంకర రాలతంది," అంది మైకులో. "చువ్వ వంగింది. పిల్లలూ, లేవండి. బిస్కెట్లు ఆడే వదిలెయ్యండి. గొలుసుబండి కట్టి నా ఎనకాల రండి."

రోజూ చెప్పే మాటే కాబోలు, పిల్లలంతా ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని లేచారు. వాళ్ల వెనక అమ్మలు లేచారు. చూస్తుండగానే చాపలు ఖాళీ అయ్యాయి. వేదిక మీదివాళ్లు మాత్రం కదల్లేదు. అధ్యక్షుల వారి నుదురు ముడిపడింది.

"ఇప్పుడావిడ పలికిన వాక్యాల్లో అలంకారం ఏమిటి?"

కమిషనర్ గారికి చెమటలు పట్టాయి. వెనక్కి తిరిగి మాస్టారిని చూశారు.

"స్వభావోక్తి సార్," అన్నారు మస్తాన్‌వలీ మాస్టారు, కళ్లు స్తంభం మీదే పెట్టి. "ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం. అదీ అలంకారమే. లక్షణ గ్రంథాల్లో ఉంది."

"అదీ అలంకారమా? మరి ఆవిడ మొట్టమొదటి అర్జీ?"

"అదీ స్వభావోక్తే సార్. పదకొండో వార్డువాళ్ల అర్జీలన్నీ అవే. మొదటి రోజే చెప్పబోయా. మీరు దృష్టాంతం దగ్గర ఆపేశారు. ఇప్పుడు దయచేసి లేవండి."

"ఆగండి," అన్నారు అధ్యక్షుల వారు. "ఇది సిద్ధాంతపరమైన అంశం. ఉన్నది ఉన్నట్టు చెప్పడాన్ని అలంకారంగా అంగీకరిస్తే ప్రతివాడూ అర్హుడైపోతాడు. వ్యవస్థ ఏమవుతుంది? ఇది ఇక్కడే తేలాలి."

పైన ఏదో చిటుక్కుమంది. తెల్లటి సున్నం పొడి అధ్యక్షుల వారి దండ మీద రాలింది. ఆయన విదిలించుకుని కొనసాగించారు. నేను మంచినీళ్ల సీసాలు తెచ్చే నెపంతో అప్పటికే సగం దూరం వచ్చేశాను. ఏఈ బాలకోటయ్య నాకంటే ముందున్నాడు. మాస్టారొక్కరే వాళ్ల దగ్గర నిలబడిపోయారు. ఒకరి భుజం పట్టుకుని లాగారు, ఇంకొకరికి దణ్ణం పెట్టారు. ఎవరూ లేవలేదు. చివరికి ఆయన చెయ్యి దించేసి, "సార్, అవతల పెసరట్లు చల్లారిపోతున్నాయి," అన్నారు.

ఆ మాట అందరినీ కదిలించింది. అందులో మాత్రం ఏ అలంకారమూ లేదు.

వేదిక ఖాళీ అయి అందరూ టిఫిన్ల పందిరి చేరేలోపే ట్యాంకు పడింది. చాపలు పడి ఉన్నచోట, బిస్కెట్లు పడి ఉన్నచోట సరిగ్గా పడింది. నీళ్లు ఒక్కసారిగా దొర్లి కుర్చీల్ని, షామియానాని, అందరికంటే వెనక నడుస్తున్న కమిషనర్ గారిని తోసుకుపోయాయి. ఆయన్ని అనుప్రాస కాలువలోంచి పైకి తీశాం. కాలు విరిగింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు.

షాదీఖానా మెట్ల మీద యలమందమ్మ పిల్లల తలలు లెక్క పెట్టుకుంటోంది. లెక్క సరిపోయాక గోడకు ఆనుకుని అలాగే కూలబడిపోయి ఏడ్చింది. అది చూసి నేను తల తిప్పేసుకున్నాను.

తరవాతి సోమవారం కమిషనర్ గారు సిమెంటు కట్టుతో, పక్కన చేతికర్రతో ఆఫీసుకొచ్చారు. బోర్డు మీద స్వభావోక్తిని చేర్చాం. కింద ఒక షరతు కూడా రాయించాం. 'ఉన్నది ఉన్నట్లు వ్రాయదలచినవారు ముందుగా అనుమతి పొందవలెను.' ఆ పని కాగానే ఆయన యలమందమ్మకు ఇంకో మెమో చెప్పి నా చేత టైపు చేయించారు.

'ట్యాంకు పిల్లల మీద పడునని మీరు మీ ప్రథమ అర్జీయందు వ్రాసియున్నారు. విచారణలో ట్యాంకు పడినది కాని ఏ ఒక్క శిశువు మీదను పడలేదని తేలినది. కావున మీ అర్జీ స్వభావోక్తి కాక అతిశయోక్తి యగుచున్నది. నీటి వ్యవహారములకు అతిశయోక్తి చెల్లదు. తప్పుడు సమాచారమిచ్చినందులకు మీ మీద ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను.'

ఆమె జవాబు రాయడానికి ఇంటికి కూడా వెళ్లలేదు. నా టేబుల్ దగ్గరే నిలబడి, నా పెన్నే అడిగి తీసుకుని, మెమో వెనకాల రాసిచ్చింది. 'పడుద్ది కాబట్టే పడనియ్యలేదు.' పెన్ను టేబుల్ మీద పెట్టి, పిల్లలకు అన్నం వేళ అయిందంటూ వెళ్లిపోయింది.

రిజిస్టరులో ఎక్కించాలి కదా. తేదీ వేశాను, పేరు రాశాను, వార్డు రాశాను. అలంకారం గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. కాగితం తీసుకెళ్లి మస్తాన్‌వలీ మాస్టారికి చూపించాను. ఆయన చదివి, మళ్లీ చదివి, కళ్లద్దాలు తీసేశారు.

"నిజం అని రాయండి," అన్నారు.

బోర్డు దాకా వెళ్లి పై నుంచి కింది దాకా వెతికాను. ఆ పేరు లేదు. తిరిగొచ్చి ఆ గడిని ఖాళీగానే ఉంచి, కాగితం గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఆమె ఆనాడు తెచ్చిన పెచ్చు పెట్టాను.